నడుముకు పిండికట్టు... పాపతో రైలెక్కొచ్చా?

ప్రశ్న: మా పాపకు ఏడాదిన్నర. తుంటి కీలు జారిందని ఆపరేషన్ చేసి, ఛాతీ కింది నుంచి పాదాల దాకా పిండికట్టు వేశారు. హైదరాబాద్ నుంచి విశాఖకు రైల్లో తీసుకెళ్లొచ్చా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ఆపరేషన్ చేసిన డాక్టరు సరేనంటే వెళ్లొచ్చమ్మా. ఏసీ బోగీలో కింది బెర్తు తీసుకోండి. చెమట పడితే కట్టు లోపల దురద పెడుతుంది. చిన్న డైపర్ అంచుల్ని కట్టు లోపలికి దోపి, పైన పెద్దది వేయండి. రెండు గంటలకోసారి డైపర్ చూడండి, పాపను పక్కకు తిప్పండి. కట్టులో కాళ్ల మధ్య ఉండే కర్ర పట్టుకుని మాత్రం ఎత్తకండి. కొద్దికొద్దిగా తినిపించండి. దురదకు లోపల పుల్లలు పెట్టడం, పౌడరు చల్లడం వద్దు. కాలివేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, వాచినా, ఏడుపు ఆగకపోయినా విశాఖ దాకా ఆగకండి. రైల్వే హెల్ప్‌లైన్ 139కు ఫోన్ చేసి, వచ్చే స్టేషన్లోనే వైద్యసాయం అడగండి.