అమ్మానాన్నలతో కనోబెల్స్‌కి: మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం

వేసవిలో అమెరికా వచ్చిన అమ్మానాన్నల్ని థీమ్ పార్కుకి బయల్దేరమంటే వచ్చే జవాబు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే: "మేం ఏదీ ఎక్కం కదా, మాకు టికెట్లు దండగ. మీరు వెళ్లి రండి." పెన్సిల్వేనియాలో ఎలిస్‌బర్గ్ దగ్గరున్న కనోబెల్స్‌కి ఆ జవాబు చెల్లదు. అక్కడ లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు, పార్కింగుకీ డబ్బు కట్టక్కర్లేదు. ఎక్కిన రైడుకే డబ్బు. 1926 జూలై 4న కనోబెల్ కుటుంబం చెట్ల మధ్య తెరిచిన ఈ పార్కు ఇప్పటికీ ఆ కుటుంబానిదే.

ముందుగా పార్కు క్యాలెండర్ చూసుకోండి. వసంతంలో, శరదృతువులో ఎక్కువగా వారాంతాల్లోనే తెరుస్తారు. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు నుంచైతే రెండున్నర, మూడు గంటల ప్రయాణం. ఉదయం ఏడింటికల్లా బయల్దేరితే ఎండ ముదరకముందే చేరతారు.

బయటి తిండి తీసుకెళ్లనిస్తారు. కాబట్టి రాత్రే పులిహోర కలిపి పెట్టుకోండి, పెరుగన్నం ఐస్ పెట్టెలో సర్దండి. లోపలికి వెళ్లగానే చేయాల్సిన మొదటి పని చెట్ల నీడన ఒక పిక్నిక్ బల్ల చూసుకోవడం. పెద్దవాళ్లకి అదే ఆ రోజుకి ఇల్లు. ఎవరు ఎటు వెళ్లినా తిరిగి చేరేది అక్కడికేనని పిల్లలకి గట్టిగా చెప్పండి. ఫోన్లను నమ్ముకోకండి.

ఇక టికెట్లు. వచ్చీ రాగానే పెద్ద మొత్తానికి కొనకండి. ముందు ఒక చుట్టు నడవండి, ఎవరు ఏది ఎక్కుతారో తేలాక టికెట్ పుస్తకాలు తీసుకోండి. రోజంతా తిరిగే పిల్లలుంటే, ఆ రోజు రిస్ట్‌బ్యాండ్ అమ్ముతున్నారేమో కనుక్కోండి; అన్ని రోజులూ ఉండదు. ప్రతి రైడు దగ్గరా ఎత్తు కొలత ఉంటుంది. మీ చిన్నవాడు సరిపోతాడో లేదో లైనులో నిలబడకముందే చూడండి, చివరిదాకా వెళ్లి వెనక్కి పంపేస్తే వాడి ఏడుపు ఆపడం కష్టం.

మొదట పయనీర్ ట్రైన్ ఎక్కండి. అడవిలోంచి వెళ్లే చిన్న రైలు. "ఏదీ ఎక్కం" అన్నవాళ్లు కూడా ఎక్కుతారు.

ఆ తర్వాత ఫీనిక్స్. నా దృష్టిలో ఈ పార్కుకి ప్రాణం అదే. 1947లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో కట్టిన చెక్క రోలర్ కోస్టర్ అది. అక్కడి పార్కు మూతపడి పాడుబడితే, దాన్ని విప్పి ఇక్కడికి తెచ్చి, 1985లో మళ్లీ నిలబెట్టారు. బండి బయల్దేరగానే చీకటి సొరంగంలోకి దూరుతుంది. ఆ తర్వాతి గుట్టల మీద ఒళ్లు సీటు వదిలి పైకి లేస్తుంది. మొదటిసారి ఎక్కేవాళ్లు మధ్య పెట్టెలో కూర్చోండి, చివరి పెట్టెలో కుదుపు ఎక్కువ. మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవాళ్లు మాత్రం కింద నిలబడి చూడటమే మంచిది.

ఎండ మండే మధ్యాహ్నం భోజనానికి, అమ్మమ్మ ఒళ్లో చిన్నదాని నిద్రకి వదిలేయండి. ఈత కొట్టేవాళ్లకి పార్కుతోపాటు పుట్టిన క్రిస్టల్ పూల్ ఉంది, దానికి విడిగా టికెట్.

గ్రాండ్ కరౌజెల్‌ని సాయంత్రానికి అట్టిపెట్టుకోండి. 1913 నాటి రంగులరాట్నం. బయటి వరసలో గుర్రం ఎక్కితే, తిరుగుతూనే చెయ్యి చాచి పక్కనున్న గొట్టంలోంచి ఇనుప రింగులు లాగొచ్చు. వాటి మధ్య ఇత్తడి రింగు ఎవరి చేతికొస్తే వాళ్లకి ఇంకోసారి ఉచితం. పిల్లల్ని వాళ్లకి తగిన గుర్రాల మీద కూర్చోబెట్టి, బయటి గుర్రం మీద నాన్నగారిని ఎక్కించండి. రంగులరాట్నం తిరునాళ్లలో చూసినవాళ్లకి కొత్త కాదు, ఈ రింగు కొత్త. అమ్మని పక్కన నిలబెట్టి "ఇప్పుడు, ఇప్పుడు!" అని అరిపించండి.