జాడీని చెడగొట్టునది ఏది?

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 10:9–28, గలతీయులకు 2:11–14



వేసవి వచ్చినదనగానే మాచర్ల బజారులో పుల్లమామిడి కాయల రాసులు కనబడును. రాసి ప్రక్కనే పెద్ద కత్తిపీట పెట్టుకొని, కొన్న కాయలను టెంకతోకూడ ముక్కలు కొట్టి యిచ్చువారు కూర్చుందురు. మిరపకాయకు మన పల్నాడు పెట్టినది పేరు. ఎండ సంగతి చెప్పనక్కరలేదు. పొరుగుననున్న రెంటచింతల ఎండ రాష్ట్రమంతట ప్రసిద్ధము. మనము నిందించు ఆ యెండయే మాగాయ ముక్కలను ఎండించి, ఏడాది పొడుగున నిలువజేయుచున్నది. ఈ నెల పాఠమును ఆ జాడీ యొద్దనే నేర్చుకొందము.

1. బజారు నేర్పు పాఠము

1999 జనవరి 26న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజారులు ఆరంభమైనవి. పండించినవారే దళారి లేకుండ తెచ్చి అమ్ముకొనుటయు, ఆనాటి ధరలు పలకమీద వ్రాసి పెట్టుటయు వాటి పద్ధతి. రైతు బజారులోనైనను వీధి బజారులోనైనను మనము కాయ గట్టిదా, పుల్లనిదా అని చూతుము, ధర బేరమాడుదుము. చెట్టెక్కి కోసినవారెవరు, గంపకెత్తినవారెవరు, మిరపకాయ ఏరినవారెవరు అని అడుగుదుమా? అడుగము. అన్ని కులముల చేతులు తగిలిన తరువాతనే ఆ కాయ మన సంచిలో పడినది. ఇంటికి వచ్చిన పిమ్మట మాత్రము జాడీ చుట్టు కంచె వేయుదుము. ఇది తగునా?

2. జాడీ నేర్పు పాఠము

ఆవకాయ కలుపుట మన తల్లులకు తెలిసినదే. కాయలు కడిగి, తుడిచి, తడి లేకుండ ఆరనిత్తురు. కొట్టిన ముక్కలలో జీడి తీసివేసి, లోపలి పొరను పొడిగుడ్డతో తుడుతురు. ముక్కలు నాలుగు కొలతలైన, కారము, ఆవపిండి, ఉప్పు ఒక్కొక్క కొలత చొప్పున వేయుట ఒక వాడుక. మెంతులు, వెల్లుల్లి చేర్చి, నువ్వులనూనె పోసి, మూడవ దినమున తిరుగ కలిపి, ముక్కలపై నూనె తేలునట్లు చూతురు. ఉప్పును పులుపును క్రుళ్లును అడ్డగించును. పైని నూనె గాలిని తగులనియ్యదు. నీటిచుక్క చేరిన చోట ఉప్పు పలుచనై బూజు పుట్టును.

కొన్ని ఏండ్ల క్రిందట మా పేటలో నాలుగైదు కుటుంబములవారము చందాలు వేసికొని ఒక్కచోట ఆవకాయ కలిపితిమి. నెల తిరుగకముందే ఒక జాడీలో బూజు కనబడెను. వెంటనే, "ఎవరి చేయి పడినదో!" అని గొణుగుడు బయలుదేరెను. ఆ మాట ఎవరిని గూర్చి అన్నదో అందరికిని తెలియును. ఆ సహోదరి తల వంచుకొని వెళ్లిపోయెను. తరువాత విచారింపగా, ఆ జాడీని కడిగి సరిగా ఆరబెట్టలేదని తేలెను. కడిగినవారము మేమే. ఆమె యింటికి వెళ్లి తప్పు ఒప్పుకొంటిమి. కాని ఆ మాటను వెనుకకు తీసికొనలేకపోతిమి. జాడీని చెడగొట్టినది తడి గాని అంటు కాదు.

3. చాపకూడు

మన పల్నాడు ఈ సంగతిని ఎరుగనిది కాదు. పన్నెండవ శతాబ్దపు బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టించెననియు, మాల కులస్థుడైన కన్నమదాసును కుమారునిగా చేపట్టెననియు పల్నాటి వీరుల కథ చెప్పును. కారంపూడిలో కార్తిక మాసమున జరుగు వీరుల ఉత్సవములలో నేటికిని చాపకూడు పెట్టుదురు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచేత అంటరానితనమును రద్దుచేసెను. అయినను చాప ఒక్క పూటది, జాడీ ఏడాదిది. పండుగనాడు ప్రక్కన కూర్చుండుట సులభము. సామాన్య దినమున మన యింటి జాడీలో గరిటె పెట్టనిచ్చుటయే పరీక్ష.

4. పేతురు పడిన చోట

యొప్పేలో పేతురు దర్శనము చూచి, ఏ మనుష్యుని అపవిత్రుడని యెంచరాదని నేర్చుకొనెను. కొర్నేలీ యింట కాలు పెట్టెను. అదే పేతురు అంతియొకయలో, కొందరు వచ్చి చూచుచున్నారని భయపడి, అన్యజనులతో భోజనము మాని వెనుకకు తగ్గెను. తెలియక కాదు, నలుగురు ఏమనుకొందురో యని. మన తప్పును తరచుగా ఇట్టిదే.

5. మనము చేయదగినది

ఈ యేడు కాయల కాలములో ఉమ్మడిగా పచ్చడి పెట్టుదము. డబ్బు ఇయ్యలేనివారికి చివర సీసా నింపి దానముగా ఇచ్చుట చాలదు; మొదటనే పిలిచి, కత్తిపీట యొద్దను కలుపు పళ్లెము యొద్దను చోటియ్యవలెను. వేసవి తప్పినయెడల కార్తికములో ఉసిరికాయ, ఆ వెనుక చింతకాయ ఉన్నవి. చేతులన్నియు రావచ్చును, తడి మాత్రము తుడుచుకొని రావలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింట ఎవరికి వేరు గ్లాసు, వేరు పళ్లెము ఉన్నవి?
2. నష్టము కలిగినప్పుడు కారణము వెదకుదుమా, మనిషిని వెదకుదుమా?
3. అంతియొకయలో పేతురువలె మనము ఎవరి యెదుట వెనుకకు తగ్గితిమి?