మట్టిలేని సేద్యము: సరకులు కొనునపుడు చూడవలసినవి

మట్టి లేకుండ పోషక ద్రవములో పైరు పెంచు విధమును 1929లో కాలిఫోర్నియాలో గెరిక్ పండితుడు ప్రకటించెను. దానికి వలయు సరకులమ్ము అంగళ్లు నేడు మన పట్టణములలోను గలవు.

రైతు సోదరులారా, అంగడికి పోవుటకు ముందు బావినీటిని పరీక్ష చేయింపుడు. నీరు ఉప్పనిదైనచో ఏ ఎరువును దానిని బాగుచేయజాలదు.

అంగడిలో సీసామీది బొమ్మను గాక అంకెలను చూడుడు. 13-0-45 అని యున్నచో నూటికి నత్రజని 13 పాళ్లు, పొటాషు 45 పాళ్లు, భాస్వరము లేదు. సీసా ఎరువులో నీరే హెచ్చు. సాధారణముగ పొడి ఎరువే చౌక.

కాల్షియం నైట్రేటును వేరుగా కొని, వేరుగా కరిగింపుడు. చిక్కని ద్రావణమున సల్ఫేటు, ఫాస్ఫేటులతో కలిసినచో తెల్లని మడ్డిగా పేరుకొని పైరుకు అందదు.

మూట పెద్దది గనుక నలుగురు సభ్యులు కూడి కొని పంచుకొనుట మేలు.