ఎత్తైన చోట సీసాల్లో ఆహారం నిల్వ: మరిగిస్తే సరిపోతుందా?

లద్దాఖ్‌లోని లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వేసవిలో ఆప్రికాట్లు పండుతాయి, పచ్చిబఠాణీ కోతకొస్తుంది. కొన్ని నెలలకే చలికాలం వచ్చి తాజా కూరగాయలు కరువవుతాయి. ఒక ఇంట్లో ఆప్రికాట్ ముక్కలను ఒక గాజు సీసాలో, బఠాణీలను మరో సీసాలో నింపి, మూతలు పెట్టి, రెండింటినీ మరుగుతున్న నీళ్లలో ముప్పావుగంట ఉంచారనుకుందాం. చల్లారాక రెండు మూతలూ గట్టిగా బిగుసుకుంటాయి. చూడటానికి తేడా ఏమీ ఉండదు. కానీ మొదటి సీసాలోని పండ్లను చలికాలమంతా తినవచ్చు. రెండో సీసా ప్రాణం మీదికి తేవచ్చు.

తేడా అంతా పులుపులో ఉంది. క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు మట్టిలో ఉంటాయి, కూరగాయలతో పాటు వంటింట్లోకి వస్తాయి. గాలి ఆడే చోట అవి ఊరికే పడి ఉంటాయి. గాలి లేకుండా మూసేసిన, తేమ ఉన్న, పులుపు లేని ఆహారం దొరికితే మాత్రం మొలకెత్తి, నరాలను చచ్చుపడేసే విషాన్ని తయారుచేస్తాయి. పీహెచ్ విలువ 4.6 కన్నా తక్కువైతే, అంటే పులుపు తగినంత ఉంటే, అవి పెరగలేవు. ఆప్రికాట్ సాధారణంగా ఆ గీతకు దిగువనే ఉంటుంది. బఠాణీ, బీన్స్, పుట్టగొడుగులు, మాంసం చాలా పైన ఉంటాయి. టమాటా సరిగ్గా గీత మీద ఊగిసలాడుతుంది. అందుకే దాన్ని సీసాకెత్తేటప్పుడు నిమ్మరసమో నిమ్మ ఉప్పో కొలత ప్రకారం కలపమంటారు.

పుల్లని పండ్లను పాడుచేసే బూజు, ఈస్ట్ మరిగే నీటికే చస్తాయి. ఎత్తు పెరిగితే కాస్త ఎక్కువసేపు ఉంచాలి, అంతే. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం, వేడిగా నింపిన అర లీటరు ఆప్రికాట్ సీసాకు 1,000 అడుగుల లోపు 20 నిమిషాలు, 6,000 అడుగులు దాటితే 35 నిమిషాలు.

బఠాణీ సంగతి అలా కాదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, సుమారు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున నీరు మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. అరకులో అది దాదాపు 97 డిగ్రీలు, ఊటీలో 92, 93 డిగ్రీలు, లేహ్‌లో 88 డిగ్రీలు. మంట ఎంత పెంచినా మరిగే నీరు అంతకన్నా వేడెక్కదు. బొట్యులినం సిద్ధబీజాలను నమ్మకంగా నాశనం చేయడానికి 121 డిగ్రీల దగ్గర సుమారు 3 నిమిషాలు చాలు. కానీ ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా పట్టే సమయం పది రెట్లవుతుంది. 111 దగ్గర అరగంట, 101 దగ్గర 5 గంటలు, 91 దగ్గర 50 గంటలు. లేహ్‌లోని 88 డిగ్రీలకు లెక్క కడితే దాదాపు 100 గంటలు, అంటే నాలుగు రోజులకు పైమాటే. అప్పటికి సీసాలో బఠాణీ అనదగ్గది ఏమీ మిగలదు. పప్పు ఉడకకపోతే నోటికి తెలుస్తుంది; సిద్ధబీజాలు చావకపోతే ఆ సూచన కూడా ఉండదు.

మరి ప్రెషర్ కుక్కర్? ఇక్కడా ఒక మెలిక ఉంది. కుక్కర్ బరువు లోపలి మొత్తం ఒత్తిడిని నిర్ణయించదు, బయటి గాలి కన్నా ఎంత ఎక్కువ ఉండాలో మాత్రమే నిర్ణయిస్తుంది. సముద్రతీరంలో చదరపు అంగుళానికి దాదాపు 15 పౌండ్ల గాలి ఒత్తిడికి కుక్కర్ మరో 15 కలిపితే లోపల 121 డిగ్రీలు వస్తాయి. లేహ్‌లో గాలి ఒత్తిడి తొమ్మిదిన్నర పౌండ్లే. అదే కుక్కర్, అదే బరువు, కానీ లోపల 115 డిగ్రీలు. ఈ ఆరు డిగ్రీల లోటుకే సమయం నాలుగు రెట్లు కావాలి. మూత కింద గాలి చిక్కుకుంటే వేడి ఇంకా తగ్గుతుంది. అందుకే క్యానింగ్‌కు వాడే పెద్ద పాత్రల్లో బరువు పెట్టే ముందు 10 నిమిషాలు ఆవిరిని ధారగా బయటికి వదులుతారు. పైగా ఇంట్లో వాడే చిన్న కుక్కర్ త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, పట్టికల్లోని సమయాలు దానికి వర్తించవు. విజిళ్ల లెక్క అన్నానికి సరిపోతుంది గానీ దీనికి కాదు.

ఈ విషానికి రంగు, రుచి ఉండవు. కొన్నిసార్లు మూత ఉబ్బుతుంది, కొన్నిసార్లు ఏ గుర్తూ ఉండదు. అనుమానం వచ్చిన సీసాను నాలుకకు తాకించి కూడా చూడకూడదు. తిన్నవారికి చూపు రెండుగా కనబడటం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం మొదలైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆవకాయకు ఈ బెడద ఎందుకు లేదని అడగవచ్చు. అక్కడ కాపాడేది వేడి కాదు, మామిడి పులుపు, దండిగా వేసిన ఉప్పు. పైన తేలే నూనె ఒక్కటే అయితే ఏ రక్షణా ఇవ్వదు, గాలిని ఆపి కీడే చేస్తుంది. పులుపు లేకుండా నూనెలో నిల్వచేసిన వెల్లుల్లితో బొట్యులిజం వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

లద్దాఖీలు తరతరాలుగా ఆప్రికాట్లను, ఆకుకూరలను ఎండలో ఆరబెడతారు. బంగాళాదుంప, క్యారెట్, టర్నిప్‌లను నేలలో తవ్విన గోతుల్లో దాస్తారు. అక్కడి పొడి గాలి తేమను త్వరగా లాగేస్తుంది. తేమ లేని చోట సిద్ధబీజం మొలకెత్తదు. లేహ్‌లో బఠాణీని చలికాలానికి దాచాలంటే సీసా కన్నా ఆ ఎండే మేలు.