మర జంతువులూ - ప్రాణమున్న జంతువులూ

మన సిద్దిపేట కోమటి చెరువు దగ్గర 2023లో డైనోసార్ పార్కు తెరిచారు. మా చిన్నాయన పిల్లలిద్దరినీ వెంటబెట్టుకొని ఒక ఆదివారం నేనూ వెళ్లాను. మసక వెలుతురులో రాకాసి బల్లి మెల్లగా తల తిప్పింది, నోరు తెరిచింది, చెవులు చిల్లులు పడేలా అరిచింది. చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "అన్నా, ఇది ఏం దింటది?" అని అడిగింది. పెద్దవాడు ఫక్కున నవ్వి "కరెంటు దింటది" అన్నాడు.

అందరం నవ్వుకున్నాం. కాని జంతుశాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి కాబట్టి ఆ చిన్నదాని ప్రశ్న నన్ను ఇంటిదాకా వదల్లేదు. మర జంతువుకు ఆకలి లేదు, జబ్బు లేదు, భయం లేదు. మీట నొక్కితే అరుస్తుంది, మీట తీస్తే ఊరుకుంటుంది. మరి ప్రాణమున్న జంతువును చూడటానికి వెళ్లినప్పుడు మనం ఎలా ప్రవర్తిస్తున్నాం? అదే టిక్కెట్టు, అదే తినుబండారాల పొట్లం, అదే కేకలు. జూ పార్కు కానివ్వండి, జింకల పార్కు కానివ్వండి, అక్కడున్న జంతువుకు కూడా ఎక్కడో ఒక మీట ఉన్నట్లే అనుకుంటాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఈ ఒక్క విషయం గురించే.

మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. డైనోసార్లు మనకు పరాయివి కావు. మన గోదావరి - ప్రాణహిత లోయలో యామన్‌పల్లి అనే గ్రామం దగ్గర దొరికిన ఎముకలకు 1988లో యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు "కోటాసారస్" అని నామకరణం చేశారు. ఆ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. దాదాపు 18 కోట్ల ఏళ్ల క్రితం ఈ నేలమీద నడిచిన జంతువు అది. ఇప్పుడు ఎంత డబ్బు పోసినా దాన్ని ఎముకగానో, రబ్బరు బొమ్మగానో తప్ప మరోలా చూడలేం. అంతరించిపోవడం అంటే అదే.

నేను చేసిన తప్పు

ఏడో తరగతిలో ఉండగా మా బడివాళ్లు ఒక జింకల పార్కుకు విహారయాత్ర తీసుకెళ్లారు. కంచె దగ్గరికి ఒక చుక్కల దుప్పి వచ్చింది. నా చేతిలో మరమరాల పొట్లం ఉంది. నాలుగు గింజలు వేశాను, తిన్నది. స్నేహితులు చప్పట్లు కొట్టారు. ఆ హుషారులో పాలిథిన్ కవరుతో సహా పొట్లం అందించాను. దుప్పి కవరును కూడా నమిలి మింగేసింది.

అంతలో అక్కడ పనిచేసే ఒక పెద్దమనిషి పరుగెత్తుకొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. "ఏం బిడ్డా, గా కవరు నువ్వు దింటవా? మీరు పొద్దుమూకంగ ఇంటికి వోతరు. రాత్రి దాని కడుపుబ్బితే పక్కన కూసునేది నేను" అన్నాడు. ఆ దుప్పి తర్వాత ఏమైందో అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

ఆ మాటలోని శాస్త్రం నాకు డిగ్రీలో చేరాక గాని అర్థం కాలేదు. ఆవు, మేక, దుప్పి నెమరువేసే జంతువులు. వాటి కడుపులో నాలుగు అరలు ఉంటాయి. మొదటిది, అన్నింటికంటే పెద్దది రూమెన్. అందులో కోట్లాది సూక్ష్మజీవులు గడ్డినీ ఆకునూ పులియబెట్టి జంతువుకు శక్తిగా మారుస్తాయి. బాగా నలిగిన మేత మాత్రమే ఆ అర దాటి ముందుకు పోతుంది. ప్లాస్టిక్ నలగదు, పులియదు, కరగదు. అక్కడే ఉండిపోతుంది. ఒకటికి మరొకటి చేరి ఉండలు కడుతుంది. కడుపు నిండినట్లే ఉంటుంది గనుక జంతువు మేత తగ్గిస్తుంది. చివరకు నిండు కడుపుతోనే ఆకలికి చిక్కి చనిపోతుంది. కవరు లేకపోయినా ప్రమాదమే. బియ్యం, మరమరాలు, బిస్కట్ల వంటి పిండిపదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే రూమెన్‌లో ఆమ్లం పెరిగి, ఆ సూక్ష్మజీవుల సమతూకమే దెబ్బతింటుంది. కాబట్టి ప్రేమతో వేసిన పిడికెడు గింజలు కూడా విషమయ్యే అవకాశం ఉంది.

సంరక్షణ అంటే ఏమిటి?

పశువుల పోషణను పరిశీలించడానికి బ్రిటనులో నియమించిన బ్రాంబెల్ సంఘం 1965లో నివేదిక ఇచ్చింది. ఆ ఆలోచననే పెంచి 1979లో అక్కడి మరొక మండలి "అయిదు స్వేచ్ఛలు" అని సూత్రీకరించింది. ఇవి పాడిపశువులకోసం పుట్టినా, ఇవాళ జంతుప్రదర్శనశాలలకూ కొలబద్ద అయ్యాయి. అవి -

1. ఆకలి దప్పుల నుంచి విముక్తి.
2. ఎండ, వాన, ఇరుకు వంటి అసౌకర్యాల నుంచి విముక్తి.
3. నొప్పి, గాయం, జబ్బుల నుంచి విముక్తి.
4. భయం, బాధల నుంచి విముక్తి.
5. తన జాతికి సహజమైన రీతిలో నడుచుకునే స్వేచ్ఛ.

మొదటి మూడింటినీ డబ్బుతో, డాక్టరుతో చాలావరకు సాధించవచ్చు. కష్టమైనది అయిదవది. అడవిలో పులి తిండికోసం మైళ్లకు మైళ్లు నడుస్తుంది. బోనులో తిండి వేళకు వస్తుంది, కాని ఆ నడక ఏమవుతుంది? మనం చూసే ఉంటాం, కొన్ని జంతువులు ఊచల వెంట అదే దారిన, అదే మలుపు దగ్గర తిరుగుతూ, గంటల తరబడి పచార్లు చేస్తుంటాయి. "భలే నడుస్తోంది" అని మనం ముచ్చటపడతాం. నిజానికి అది చాలాసార్లు పనిలేని, దారిలేని మనసు పడే యాతనకు గుర్తు. అందుకే మంచి జూలలో మేతను దాచిపెట్టి వెతుక్కోనిస్తారు, ఎక్కడానికి దుంగలు, దొర్లడానికి నీటిగుంటలు ఏర్పాటు చేస్తారు. జంతువుకు పని కల్పించడం కూడా వైద్యమే.

జర్మనీలో హాగెన్‌బెక్ అనే ఆయన 1907లో ఊచలకు బదులు కందకాలు తవ్వి జంతువులను ఆరుబయట ఉంచే పద్ధతి చూపించాడు. మన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963లో ప్రజలకు తెరిచినప్పుడు మీరాలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాల్లో అటువంటి కందకాల పద్ధతినే అనుసరించింది. అంతకుముందు పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న జంతువులకు అది నిజంగా కొత్త జీవితం.

అయితే గోడలు, కందకాలు అన్నింటినీ ఆపలేవు. 2000 అక్టోబరులో అదే జూలో సఖి అనే ఆడపులిని దుండగులు చంపి చర్మం ఒలిచారు. 2021 మే నెలలో అక్కడి 8 ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్లు తేలింది. సకాలంలో ముక్కు, గొంతు నమూనాలు తీసి పరీక్షించడం వల్ల, విడిగా ఉంచి వైద్యం చేయడం వల్ల అవి కోలుకున్నాయి. కాపలా ఒక్కరోజు ఏమరినా ప్రాణం పోతుంది, వైద్యం వేళకు అందితే ప్రాణం నిలుస్తుంది. సంరక్షణ అనేది ఏ పూటకా పూట చెయ్యవలసిన చాకిరీ.

వినోదం హద్దు దాటితే

మనదేశంలో చట్టాలు లేకపోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో జంతుప్రదర్శనశాలల అధ్యాయం చేర్చారు, 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. పులి, సింహం, ఎలుగు, చిరుత, కోతులతో ఆటలాడించడాన్ని 1998లో నిషేధించారు. సర్కసులనుంచి తెచ్చిన సింహాలకు తిరుపతిలో, విశాఖపట్నంలో ఆశ్రయం కల్పించారు. నీళ్లలో గంతులేయించే డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు 2013లో అనుమతి నిరాకరించారు.

కాని మన ఇంటి ముందరి సంగతి చూడండి. దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని మన నమ్మకం. అది మన రాష్ట్రపక్షి కూడా. జమ్మికి పోయే దారిలో చెట్టుమీదో, తీగమీదో అది కనబడితే ఎంత ఆనందం! ఆ ఆనందాన్ని సులువుగా అమ్ముకోవడానికి కొందరు పండుగకు ముందే పిట్టలను పట్టి, పంజరంలో పెట్టి, దర్శనానికి పది ఇరవై వసూలు చేస్తారు. రెక్కలు కట్టేసిన పిట్టను చూసి మనం దణ్ణం పెట్టుకుంటాం. దాని అశుభం మనకు శుభం ఎట్లా అవుతుంది?

అడవికి తిరుగు దారి

బంధించి ఉంచడం ఏ రకంగా సమర్థనీయం అని మిత్రులు అడగవచ్చు. దానికి నా దగ్గరున్న మంచి జవాబు ఒక చిన్న జంతువు. పేరు జరిణి పంది. పంది అంటారే గాని పంది కాదు, కుందేలంత ఉండే మూషిక జింక. కొమ్ములు ఉండవు, రాత్రిపూట తిరుగుతుంది, మహా బెరుకు. ఇది అడవుల్లో అరుదైపోతుంటే 2010లో నెహ్రూ జూలో, సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ ప్రయోగశాల సహకారంతో, కొద్దిపాటి జంతువులతో పెంపకం మొదలుపెట్టారు. సందర్శకుల కంటికి దూరంగా ప్రశాంతంగా ఉంచారు, సంతతి పెరిగింది. 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి చేర్చారు. ముందుగా రక్షిత ఆవరణలో ఉంచి, అడవి మేతకూ వాసనలకూ అలవాటు పడనిచ్చారు. అదే ప్రయోగశాల కృషితో 2006లో దుప్పి, 2007లో కృష్ణజింక కృత్రిమ గర్భధారణ ద్వారా జూలోనే పిల్లల్ని కన్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పిల్లలు పుట్టినంత మాత్రాన సంరక్షణ జరిగినట్టు కాదు. దుప్పులు ఆవరణలో తేలికగానే పెరుగుతాయి. చోటు చాలకపోతే అదే సమస్య అవుతుంది. తిరిగి వెళ్లడానికి అడవి మిగలకపోతే జూ ఒక చెరసాలే. మనకు దగ్గరలోనే మెదక్ వైపు పోచారం అభయారణ్యం ఉంది. ఒకనాటి నిజాం వేటస్థలం అది. వేటస్థలం అభయారణ్యం కాగలిగినప్పుడు మన అలవాట్లు మారలేవా?

మనం చెయ్యగలిగింది

జూలో జంతువులను రెచ్చగొట్టడం, తిండి పెట్టడం, చప్పుళ్లతో బెదరగొట్టడం, చెత్త పారవేయడం చట్టరీత్యా నేరం. అది తెలుసుకోవడం మొదటి మెట్టు. రెండవది, విహారయాత్రకు పోయినప్పుడు కవర్లు బస్సులోనే వదిలి దిగడం. మూడవది, ఒక్క జంతువు దగ్గరైనా పావుగంట కదలకుండా నిలబడి చూడటం. నీడ ఉందా, నీళ్లున్నాయా, జనం కంటబడకుండా దాక్కునే చోటుందా, ఒకే దారిలో పచార్లు చేస్తోందా అని నోట్‌బుక్కులో రాసుకుందాం. లోపం కనబడితే అక్కడి అధికారులకు మర్యాదగా ఉత్తరం రాద్దాం. మన విద్యార్థి సంఘం యేటా జరిపే విహారయాత్రలో ఈ పద్ధతి పెడితే అదే మంచి ప్రాక్టికల్ క్లాసు.

ఆ ఆదివారం డైనోసార్లను చూసి బయటికి వచ్చాక చెరువు కట్టమీద కాసేపు కూర్చున్నాం. నీళ్లలోని ఒక మోడు మీద నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. పక్షులు డైనోసార్ల సంతతేనని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు కదా, ఆ మాటే చెప్పాను. చిన్నది చాలాసేపు దానివంక చూసి, "మరి ఇది ఏం దింటదన్నా?" అంది. "చేపలు" అన్నాను. వెంటనే లేచి, పెద్దవాడి చేతిలోని ఖాళీ చిప్స్ కవరు లాక్కొని, తన గౌను జేబులో పెట్టుకుంది.

ఏడో తరగతిలో నాకు రాని బుద్ధి అది.