గురకయు, కాలేయమును

గురక పెట్టువానిని చూచి "ఎంత హాయిగా నిద్రపోవుచున్నాడో" అని మన పల్లెలలో అనుకొందురు. గురకలన్నియు వ్యాధులు కావు. కాని గురక నడుమ హఠాత్తుగా ఆగి, కొంతసేపు ఊపిరి లేక, పిమ్మట ఉక్కిరిబిక్కిరియై పెద్ద శబ్దముతో మరల ఊపిరి తీసికొనుచున్నచో అది హాయి నిద్ర కాదు. దీనినే వైద్యులు స్లీప్ ఆప్నియా అందురు. నిద్రలో శ్వాస ఆగుట అని దీని అర్థము.

నిద్రలో గొంతు కండరములు సడలుట సహజము. మెడచుట్టు కొవ్వు పేరుకొన్నవారికి, దవడ చిన్నదైనవారికి ఆ భాగము లోనికి కుంగి గాలి దారిని మూసివేయును. 10 సెకండ్లు గాని, అంతకు మించి గాని శ్వాస ఆగినచో ఒక మారుగా లెక్కింతురు. ఇట్లు గంటకు 30 మారులు జరిగినచో వ్యాధి తీవ్రమైనదని అర్థము. ప్రతిమారును రక్తములో ప్రాణవాయువు తగ్గును, మెదడు ఉలికిపడును. తెల్లవారిన పిదప రోగికి ఇదేమియు జ్ఞాపకముండదు. తలనొప్పియు, పగటి కునుకుపాట్లును మాత్రము మిగులును. మన దేశపు వయోజనులలో నూటికి సుమారు 11 మందికి ఈ వ్యాధి యున్నదని ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2023లో అంచనా వేసిరి.

గొంతులోని అడ్డంకికి కాలేయముతో పని యేమని అడుగవచ్చును. రాత్రి పొడవునా ప్రాణవాయువు తగ్గుచు పెరుగుచు నుండుటవలన శరీరములో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. కొవ్వు కాలేయమునకు చేరును. అచ్చట వాపు కలిగి, క్రమముగా కాలేయము గట్టిపడుటకు దారితీయును. మద్యము ముట్టనివారికి సైతము ఇది రావచ్చును. తొలిదశలో నొప్పి యుండదు. రక్తపరీక్ష సరిగానే యున్నంత మాత్రమున కాలేయము బాగున్నదని నిశ్చయింపరాదు.

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైనది. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. నాటినుండి చుట్టుపట్ల గ్రామములవారు అనేకులు షిఫ్టు పనులకును, లారీలు నడపుటకును అలవాటుపడిరి. రాత్రి పనిచేసి వచ్చినవాడు పగలు నిద్రించును. అప్పుడు ఇంటివారు పొలములో నుందురు. అతని ఊపిరి ఆగుటను చూచువారుండరు. అట్టివాడు క్రేను నడపుచుండగనో, జాతీయ రహదారిపై లారీ తోలుచుండగనో కునుకుపడినచో ముప్పు అతనికొక్కనికే కాదు.

చికిత్స కలదు. 1981లో ఆస్ట్రేలియా దేశపు సిడ్నీ నగరమున డాక్టరు కాలిన్ సలివాన్, ముక్కుపై తొడుగుద్వారా ఒత్తిడిగల గాలిని పంపి గొంతు మూతపడకుండ చేయు పద్ధతిని ప్రకటించెను. సీపాప్ అను ఈ యంత్రము నేటికిని ముఖ్యసాధనము. అది శ్వాసను నిలుపును, పగటి మత్తును పోగొట్టును. అయితే యంత్రమొక్కటే కాలేయపు కొవ్వును కరగించునని ఇంతవరకు జరిగిన పరిశోధనలు రుజువు చేయలేదు. ఈ మాట అమ్మువారు చెప్పరు గాన ఇచ్చట చెప్పవలసి వచ్చినది. బరువు తగ్గుట రెంటికిని మందు. నూరు కిలోల మనిషి 7 నుండి 10 కిలోలు తగ్గినచో కాలేయపు వాపు చాలవరకు ఉపశమించును. సాయంకాలపు కల్లు, సారా రెండు విధముల కీడు: గొంతును మరింత సడలించును, కాలేయమును కాల్చును. వైద్యుని అనుమతి లేక నిద్రమాత్రలు వాడరాదు.

2021లో కేంద్రప్రభుత్వము కాలేయపు కొవ్వువ్యాధిని అసాంక్రామిక వ్యాధుల నివారణ కార్యక్రమములో చేర్చినది. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘపు సమావేశములో ఆశా కార్యకర్తతో ఈ విషయము చర్చింపవచ్చును. ఒక టేపు చాలును: మెడ 40 సెంటీమీటర్లు మించినను, నడుము పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినను, అందుతోపాటు గురక, రక్తపుపోటు, చక్కెరవ్యాధి యున్నచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అచ్చటి వైద్యుడు అవసరమైనచో విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి గాని, పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి గాని వ్రాసియిచ్చును. పోవునప్పుడు రోగితో కూడ, రాత్రి అతని ప్రక్కన పడుకొనువారిని తీసికొనిపోవలయును. వైద్యుడు మొదట ప్రశ్నించునది వారినే.