కాలు కింద పెట్టలేకపోతున్నారా? ఇలా మొదలుపెట్టండి

సింగపూర్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లకి జీతంతో పాటు పెరిగేది నడక. హైదరాబాద్‌లో గుమ్మం ముందు బండెక్కి ఆఫీసు మెట్ల దగ్గర దిగిన మనిషి ఇక్కడ హెచ్‌డీబీ బ్లాక్ దిగి బస్‌స్టాప్ దాకా నడుస్తాడు, ఎమ్మార్టీలో నిలబడతాడు, లైను మారడానికి భూగర్భంలో మళ్లీ నడుస్తాడు. ఇంటికొస్తే చెప్పులు గుమ్మం బయటే, లోపల గట్టి పలకల నేల. ఇది చాలదన్నట్టు 2015లో హెల్త్ ప్రమోషన్ బోర్డు నేషనల్ స్టెప్స్ చాలెంజ్ మొదలుపెట్టింది. అడుగులు వేస్తే పాయింట్లు, పాయింట్లకి వోచర్లు. ఉచితంగా వచ్చేదంటే మనం వదులుతామా? అలవాటు లేని కాలు ఒక్కసారిగా రోజుకి పదివేల అడుగులకి ఎగబాకితే నెల తిరక్కుండానే మొరాయిస్తుంది.

పాదాల నొప్పుల్లో చాలావరకు ఇంట్లోనే తగ్గేవి. కొన్ని మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడనివి. మన ఇళ్లల్లో తరచు తలకిందులుగా జరుగుతుంది: తగ్గేదానికి స్కానింగులు, ఆగకూడనిదానికి బామ్. ఏది ఏదో వేరు చేసుకోవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

1. నొప్పి ఎక్కడో వేలితో చూపించండి

డాక్టరు దగ్గర “కాలంతా నొప్పండీ” అంటే ఆయనకి ఏమీ తెలియదు. ముందు ఇంట్లో కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న కాలు రెండో మోకాలి మీద వేసుకుని, చేతి బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ పోండి.

మడమ అడుగున, కాస్త లోపలివైపు నొక్కితే ప్రాణం పోయినంత పనై, అదీ పొద్దున్నే మంచం దిగిన మొదటి అడుగుల్లో ఎక్కువగా ఉంటే అది ప్లాంటార్ ఫాషియైటిస్ కావచ్చు. మడమ వెనక, పిక్క కండరం మడమకి అతుక్కునేచోట అయితే అకిలిస్ టెండన్. చీలమండ బయటివైపు, కాలు మడతపడ్డాక వాస్తే బెణుకు. రాత్రికి రాత్రే బొటనవేలి మొదటి కీలు ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్ అయి ఉండొచ్చు. దానికి వ్యాయామం పనికిరాదు, డాక్టరు కావాలి.

నొప్పి ఎప్పుడు వస్తుందో కూడా రాసిపెట్టుకోండి. పొద్దునా, నడిచాకా, రాత్రి పడుకున్నాకా? ఈ రెండు వివరాలు తీసుకెళ్తే ఎక్స్‌రే దాకా పోకుండానే చాలాసార్లు రోగం తేలిపోతుంది.

2. ఆగకూడనివి

మడమ వెనక ఫట్‌మని శబ్దం వచ్చి మునివేళ్ల మీద లేవలేకపోతే టెండన్ తెగి ఉండొచ్చు. పాదం మీద ఎర్రదనం పైకి పాకుతూ జ్వరం వస్తే ఇన్ఫెక్షన్. విమాన ప్రయాణం తర్వాతో, ఆపరేషన్ తర్వాతో ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పెడితే సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. దానికి తోడు ఆయాసమో, ఛాతీనొప్పో ఉంటే ఆలోచించకుండా 995కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవారి పాదం మీద ఏ పుండైనా, ఎంత చిన్నదైనా ఈ జాబితాలోదే. దాని సంగతి కింద విడిగా చెప్తాను.

3. మడమ నొప్పి

మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. పాదం వంపుని నిలబెట్టేది అదే. రాత్రి పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పట్టీ బిగుసుకుంటుంది. పొద్దున మొదటి అడుగుతో ఒక్కసారిగా సాగుతుంది, అప్పుడే ఆ పోటు. నాలుగడుగులు వేశాక తగ్గినట్టుంటుంది, సాయంత్రానికి మళ్లీ మొదలు. పేరు వింటే వాపు అనిపిస్తుంది గానీ పాతబడిన మడమ నొప్పిలో వాపు కంటే ఆ పట్టీ అరుగుదలే ఎక్కువ. అందుకే నొప్పి మాత్రలు వేసుకున్నన్నాళ్లే పనిచేస్తాయి.

ఎక్స్‌రేలో “ఎముక పెరిగింది” అని చూసి బెంబేలెత్తకండి. ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా అలాంటి ముల్లు చాలామందికి కనిపిస్తుంది. దాన్ని చెక్కించుకోవాల్సిన అవసరం బహు అరుదు.

చేయాల్సినవి ఇవి. కళ్లు తెరవగానే, మంచం దిగకముందే, నొప్పి ఉన్న కాలు రెండో కాలి మీద వేసుకోండి. ఆ వైపు చేత్తో కాలివేళ్లు పట్టుకుని వెనక్కి, ముంగాలి వైపు లాగండి. రెండో చేతి బొటనవేలితో అరికాలు తడిమి చూడండి, పట్టీ బిగుసుకుని చేతికి తగలాలి. తగలకపోతే ఇంకాస్త లాగండి. పది సెకన్లు ఉంచి వదలండి. అలా పదిసార్లు, రోజుకి మూడు విడతలు. మొదటి విడత మాత్రం మొదటి అడుగుకి ముందే పూర్తి కావాలి, అసలు ఫలితం అక్కడే.

రెండోది పిక్క సాగదీయడం. గోడకి రెండు చేతులూ ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి అంటించి ముందుకి వాలండి. ముప్ఫై సెకన్లు మోకాలు చాచి, మరో ముప్ఫై సెకన్లు కాస్త వంచి.

మూడోది కాస్త కష్టం, కానీ గట్టి మందు. బ్లాక్ మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడండి. వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టాలి. మూడు సెకన్లలో లేవండి, రెండు సెకన్లు ఆగండి, మూడు సెకన్లలో దిగండి. అలా పన్నెండుసార్లు, రోజు విడిచి రోజు. మొదట్లో రెండు కాళ్లతో చేసి, తర్వాత ఒంటికాలికి రండి. డెన్మార్క్‌లో చేసి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇది చేసినవాళ్లకి, సాగదీత మాత్రమే చేసినవాళ్ల కంటే మూడు నెలలకి ఎక్కువ గుణం కనిపించింది. ఏడాది దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ సమానమయ్యారనుకోండి. అయినా ఆ మధ్య నెలల్లో బాధ తగ్గడం తక్కువ సంగతేం కాదు.

ఇక ఇంట్లో చెప్పులు. ఇక్కడే మన ఆచారం అడ్డొస్తుంది. బయటి చెప్పులు గుమ్మం దాటకూడదు, నిజమే. కానీ ఇంట్లోనే వాడే ఒక జత, మందపు అడుగు, వంపు దగ్గర కాస్త ఎత్తు ఉన్నది కొనుక్కుంటే ఏ మడీ చెడదు. బాత్రూమ్ చెప్పులు ఈ పనికి రావు. బయటికి వేసుకునే బూట్లు చూడాలంటే క్వీన్స్‌వే షాపింగ్ సెంటర్ ఉంది, స్పోర్ట్స్ షూస్ దుకాణాలు వరసగా ఉంటాయి. సాయంత్రం వెళ్లండి. రోజంతా నడిచిన పాదం పొద్దుటికంటే కొంచెం లావుగా ఉంటుంది. బూటు మడమ భాగం వెనకనుంచి నొక్కితే లోపలికి నలగకూడదు, రెండు చేతులతో మెలిపెడితే తువ్వాలులా మెలిపడకూడదు, వంచితే వేళ్ల దగ్గరే వంగాలి, నడుమ కాదు.

నడక పూర్తిగా మానకండి. నొప్పి పెరగని అంకెకి తగ్గించి, వారం వారం కొంచెం పెంచండి. వోచర్లు ఎక్కడికీ పోవు. ఇది నెలల మీద తగ్గే నొప్పి, చాలామందికి ఏడాదిలోపు పోతుంది. స్టెరాయిడ్ ఇంజక్షన్ కొన్ని వారాల ఊరట ఇస్తుంది, పదే పదే వేయించుకుంటే ఆ పట్టీ తెగే ప్రమాదం ఉంది.

4. బెణుకు

బస్సు మెట్టు, వానకి తడిసిన వాయిడ్ డెక్ పలకలు, ఆదివారం బ్యాడ్మింటన్. కాలు లోపలికి మడతపడి చీలమండ వాస్తుంది. ఎముక విరిగిందా లేదా అన్నది మొదటి ప్రశ్న. కెనడాలోని ఒటావా డాక్టర్లు 1992లో ప్రకటించిన సూత్రాలు ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. చీలమండకి రెండువైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచు మీద, చివర నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి ఉందా? పాదం బయటి అంచు మధ్యలో తగిలే ఎముక మీద గానీ, లోపలి వంపు పైన ఉబ్బుగా ఉండే ఎముక మీద గానీ నొక్కితే నొప్పి ఉందా? కుంటుతూ అయినా నాలుగడుగులు వేయలేకపోతున్నారా? ఒక్కదానికి అవునన్నా ఎక్స్‌రే తీయించండి. అన్నిటికీ కాదంటే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. చిన్నపిల్లలకీ, పాదంలో స్పర్శ తగ్గినవాళ్లకీ ఈ లెక్క నమ్మకండి, చూపించేయండి.

విరగలేదని తేలితే మొదటి రెండు మూడు రోజులు క్రేప్ బ్యాండేజ్ కట్టి, పడుకుని, కాలు గుండెకంటే ఎత్తులో దిండ్ల మీద పెట్టండి. గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు. ఊళ్లో బెణుకు లాగేవాళ్ల చేతి మహిమ మీద మీకెంత నమ్మకమున్నా ఈ రెండు మూడు రోజుల్లో లాగడం, నూనెతో రుద్దడం, వేడి కాపడం వద్దు. లోపల తెగిన చిన్న రక్తనాళాలు ఇంకా కారుతుంటాయి, వాపు రెట్టింపవుతుంది.

ఆ తర్వాత కాలిని ఊరికే ఉంచడం తప్పు. కాలి బొటనవేలితో గాలిలో అఆలు దిద్దండి, అ నుంచి ఱ దాకా. మన అక్షరాల గుండ్రాలు చీలమండని అన్ని వైపులా తిప్పుతాయి. బరువు మోపగలిగాక పళ్లు తోముకుంటూ వాష్‌బేసిన్ పట్టుకుని ఒంటికాలి మీద ముప్ఫై సెకన్లు నిలబడండి, తర్వాత పట్టుకోకుండా. ఈ చివరి పని ఎవరూ చేయరు. అందుకే ఒకసారి బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణుకుతుంది.

5. వేళ్ల సందులు, గోళ్లు

భూమధ్యరేఖకి ఆనుకున్న ఊరు, ఏడాది పొడుగునా ఉక్క, మధ్యాహ్నం వాన. తడిసిన సాక్సులతో సాయంత్రం దాకా ఏసీలో కూర్చుంటే వేళ్ల సందులు ఒరుస్తాయి, తెల్లగా నాని పొరలు లేస్తాయి. అది ఫంగస్. స్నానం చేశాక సందు సందునా పొడిగా తుడవండి, ఆఫీసు డ్రాయర్లో ఒక జత సాక్సులు ఉంచుకోండి, బూట్లు రెండు జతలు మార్చి మార్చి వేసుకోండి. ఫార్మసీలో క్లోట్రిమజోల్ గానీ టెర్బినాఫిన్ గానీ అడగండి. దురద పోగానే ఆపకుండా, ఫార్మసిస్టు చెప్పిన గడువంతా రాయండి. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చే మూడు మందుల మిశ్రమం ట్యూబు మాత్రం అవతల పారేయండి. అందులోని స్టెరాయిడ్ దురద ఆపుతుంది, ఫంగస్‌ని పెంచుతుంది.

గోరు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. మూలలు లోపలికి తవ్వితే ఆ మొన కండలోకి దిగి చీము పడుతుంది. ఎమ్మార్టీ రద్దీలో ఎవరైనా తొక్కితే గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

6. షుగర్ ఉన్న పాదం

2016లో సింగపూర్ ఆరోగ్యశాఖ మధుమేహం మీద యుద్ధం ప్రకటించింది. 2017 జాతీయ దినోత్సవ ర్యాలీలో అప్పటి ప్రధాని లీ సియెన్ లూంగ్ చెప్పిన లెక్క మనకి తగిలేది: ఇక్కడ అరవై దాటిన భారతీయుల్లో పదిమందిలో ఆరుగురికి షుగర్.

షుగర్ నరాలని దెబ్బతీస్తే పాదానికి స్పర్శ పోతుంది. నొప్పి లేదు కాబట్టి బాగుందనుకుంటారు. చెప్పులో గులకరాయి రోజంతా ఉన్నా తెలియదు. డాక్టరు పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగుతో అరికాలిలో అక్కడక్కడా తాకి, “తెలిసిందా?” అని అడుగుతారు. పాలీక్లినిక్కుల్లో షుగర్ రోగులకి ఏటా చేసే పాదాల పరీక్షలో ఇదొకటి. ఏడాదికోసారి తప్పించుకోకండి.

ఇంట్లో రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి. వంగలేకపోతే నేలమీద అద్దం పెట్టుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీయించుకోండి. చెప్పు తొడిగేముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. వేన్నీళ్లలో కాళ్లు నానబెట్టకండి. ఆనెకాయలకి అంటించే యాసిడ్ ప్లాస్టర్లు వాడకండి, బ్లేడుతో కోయకండి. పగుళ్లకి మాయిశ్చరైజర్ రాయండి గానీ వేళ్ల మధ్య వద్దు.

గుడి సంగతి సున్నితమైనదే, అయినా చెప్పాలి. సెరంగూన్ రోడ్డు శ్రీనివాస పెరుమాళ్ కోవెలకి వెళ్తే ఎండ దిగాక వెళ్లండి. తైపూసం ఊరేగింపు అక్కడి నుంచే ట్యాంక్ రోడ్డుకి వట్టికాళ్లతో సాగుతుంది. దీపావళి ముందు సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మారియమ్మన్ గుడిలో నిప్పుల గుండం తొక్కుతారు. స్పర్శ లేని పాదంతో ఆ పని చేయకండి. కాలిందని తెలిసేసరికి ఆలస్యమవుతుంది. మొక్కుని వేరే రూపంలో తీర్చుకుంటే అమ్మవారు కాదనదు.

7. ఎవరి దగ్గరికి, ఎంతకి

మొదట ఇంటిదగ్గరి జీపీ గానీ పాలీక్లినిక్ గానీ. పోడియాట్రిస్టు అంటే పాదాలకే ప్రత్యేకమైన నిపుణుడు. మన ఊళ్లల్లో అరుదు, ఇక్కడ ఉన్నారు. పౌరులు, పీఆర్‌లు పాలీక్లినిక్ డాక్టరు రాసిచ్చిన రిఫరల్ తీసుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్తే సబ్సిడీ వర్తిస్తుంది. నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్తే పూర్తి ధర. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉన్నవారు కంపెనీ బీమాలో పోడియాట్రీ, ఫిజియోథెరపీ ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

విజిట్ పాస్ మీద వచ్చే అమ్మానాన్నలకి సబ్సిడీ ఏదీ లేదు. ముందునుంచీ ఉన్న జబ్బుకి చాలా ప్రయాణ బీమాలు డబ్బివ్వవు. కాబట్టి వాళ్లకి టికెట్ తీసేరోజే విజయవాడలోనో వరంగల్‌లోనో పాదాల పరీక్ష చేయించండి. వచ్చేముందు నెలరోజులు కొత్త బూట్లతో నడక అలవాటు చేయించండి, ఆ బూట్లతోనే విమానం ఎక్కించండి.